బర్రెల కొట్టానికి సున్నం వేసిన రోజు

మా చిన్నప్పుడు అంటే... నవ్వకండి, ఆరేండ్ల కిందటి మాటే. అప్పుడు నాకు తొమ్మిదేండ్లు. హసన్‌పర్తి అవతల మా ఊరు.

జ్యేష్ఠ మాసం, గురువారం... కండ్లు తెరిచేసరికి మా వాకిట్లో పటేలు గారి బర్రెలు నాలుగు కట్టేసి ఉన్నాయి. అమ్మ ఇంట్లో లేదు. పొయ్యి వెలగలేదు. పరుగెత్తి చూస్తే ఊరి ఆడవాళ్లంతా మా బడి దగ్గరే ఉన్నారు.

బడి అంటే పటేలు గారి పశువుల కొట్టం. పగలు మేము, రాత్రి బర్రెలు. వాన పడితే పగలు కూడా బర్రెలే... మాకు సెలవు.

సర్కారు బడి కట్టిస్తానని ఒప్పుకొని అప్పటికి నాలుగేండ్లు. ఊరివాళ్లు బండ్లతో రాయి తోలి కుప్ప పోశారు. ఆ రాళ్ల సందున తుమ్మచెట్టు మొలిచి నాకంటే ఎత్తు పెరిగింది... మంజూరు కాగితం మాత్రం రాలేదు. కట్టడం లేని ఊరికి నాలుగో తరగతి ఇవ్వరట. అందుకే నేను మూడో తరగతి రెండోసారి చదువుతున్నాను. ఉన్న ఒక్క పుస్తకం నోటికి వచ్చేసింది. దుకాణంలో బెల్లం చుట్టి ఇచ్చిన కాగితాలు కూడా విప్పి చదివేదాన్ని.

ఆ రోజు తనిఖీ దొర వస్తున్నాడు. కొట్టాన్ని కండ్లారా చూసి తన చేత్తో రాస్తే పని అవుతుందని పంతులు చెప్పాడు.

చుట్టం వస్తే ఇల్లు అలుకకుండా ఉంటారా మా వాళ్లు... పేడ ఎత్తిపోశారు. నేల అలికారు. గోడలకు సున్నం, కింద ఎర్రటి జాజు పట్టీ, గడప ముందు ముగ్గు. కప్పు కారే చోట కొత్త తాటికమ్మలు. నాయన మా ఇంట్లో ఉన్న ఒకే ఒక్క జంపఖానా తెచ్చి పరిచాడు.

పంతులొక్కడే నసిగాడు. "అమ్మా, ఉన్నదున్నట్టు సూడనియ్యుండ్రి" అన్నాడు.

మా నాయనమ్మ ఊరుకోలేదు. "ఏం పంతులూ, దొరను పేడల కూసోబెడ్తమా? ఊరి ఇజ్జత్ ఏం గావాలె?"

అందరూ నవ్వారు. చివరికి ఆయనా నవ్వి చీపురు అందుకున్నాడు.

దొర వచ్చాడు. సర్వపిండి తిన్నాడు, మజ్జిగ తాగాడు. నాతో పాఠం చదివించాడు. పుస్తకం చూడకుండానే అప్పజెప్పాను... షాబాష్ అన్నాడు. రిజిస్టర్‌లో ఉర్దూలో నాలుగు వరుసలు రాసి, బండెక్కి వెళ్లిపోయాడు.

పంతులు ఆ వరుసలు చదివాడు. మళ్లీ చదివాడు.

"ఏం రాసిండు పంతులూ?" అని నాయన అడిగాడు.

"వసతి తృప్తికరంగా ఉన్నదట. కొత్త కట్టడానికి తొందర లేదట."

తృప్తికరం... ఆ మాట వినడం అదే మొదటిసారి. ఎంత బాగుందో అనుకుని రెండుసార్లు పైకి అన్నాను కూడా. నాయన గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. పచ్చి సున్నం అంగీకి అంటుతున్నా లేవలేదు. అప్పుడు అర్థమైంది. నాయనమ్మ జంపఖానా చుట్టి చంకన పెట్టుకుంది. పొద్దుగూకక ముందే బర్రెలను తోలుకొచ్చి లోపల కట్టేశారు.

ఆ తర్వాత రెండేండ్లు నాకు బడి లేదు, మిరప చేనే. మా చిన్నమ్మ హనుమకొండకు తీసుకొచ్చి బడిలో చేర్చింది కాబట్టి ఈ రోజు ఈ బడి గోడపత్రికకు రాస్తున్నాను.

ఇప్పుడు రాజ్యం మారింది. బడుల సంగతి చూసే ఇక్కడి దఫ్తర్‌లో దొరలు మారారు. దరఖాస్తు తెలుగులోనే రాసుకోవచ్చంటున్నారు. మా ఊరి బడి మాత్రం ఇంకా కొట్టంలోనే... మా చెల్లె రాజవ్వ అందులో మూడో తరగతి చదువుతున్నది. రెండోసారి.

నిన్న నాయన దాన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. వానలు పడంగనే నాట్లకు పంపుతాడట. "అదే పుస్తకం ఎన్నిమాట్ల సదువుతది బిడ్డా..." అన్నాడు.

మా ఊరికి బడి కట్టించమని దరఖాస్తు నాలుగుసార్లు రాసి చింపాను. ఐదోది కుదిరింది. రేపు పొద్దున దఫ్తర్ తలుపు తీసేసరికి నేనూ రాజవ్వా మెట్ల మీద ఉంటాం. పని ఎప్పుడు మొదలుపెడతారో చెప్పేదాకా కదలం.

ఈ కాగితం కింద సగం జాగా వదిలాను. మీ ఊరి బడి ఎట్లా ఉండేదో, ఇప్పుడెట్లా ఉన్నదో సాయంత్రం గంట కొట్టేలోపల రాయండి... మీ ఊళ్ల పేర్లు కూడా రేపు మా వెంట తీసుకుపోతాను.