పిల్లచేపలకు నేను పెట్టిన మేత

తొంభైల చివర మాదాపూర్‌లో కొండలు పేల్చి ఐటీ భవనాలు లేపుతున్న రోజులవి. రాయి పేలినప్పుడల్లా మా అద్దెయింట్లో చేపల తొట్టి నీళ్లు వణికేవి. అందులో నలుపు తెలుపు చారల సిక్లిడ్ చేపల జంట ఉండేది. తొట్టి ఈశాన్యంలో ఉంటేనే మంచిదని అందరూ చెబితే, పంతానికి నైరుతిలో పెట్టినవాణ్ణి నేను.

ఒక ఉదయం తొట్టిలోని కుండపెంకు చాటున పిల్లలు కనబడ్డాయి. ఒక్కోటి ఆవగింజంత. ఎనభై దాకా ఉంటాయి. చేపల దుకాణదారుణ్ణి అడిగితే, "పెద్దవాటిని నమ్మకండి, మింగేస్తాయి" అన్నాడు. పిల్లలన్నిటినీ ప్లాస్టిక్ బేసిన్‌లోకి తోడి, ఉడికిన గుడ్డు పచ్చసొన పలచని బట్టలో పిండి పెట్టాను. మూడు రోజులకు నీళ్లు కంపుకొట్టాయి. సగం పిల్లలు అడుగున తెల్లగా పడి ఉన్నాయి.

గుంటూరు నుంచి వచ్చిన పక్కింటావిడ ఓదార్చారు. "మంచిదేనండీ. మీ ఇంటికి రావాల్సిన కీడు ఆ చేపలు పట్టుకుపోయాయి."

"కీడు ఎక్కడినుంచో రాలేదండీ. రోజుకు మూడుసార్లు నేనే పిండాను."

మా ఇంట్లో గిన్నెలు తోమే పాలమూరు ఆమె బేసిన్ మీదికి వంగి చూసింది. "గిదేంది సారూ! తల్లి ఉండంగ నువ్వెందుకు పాలు పట్టుడు?"

"తల్లే మింగేస్తుందమ్మా."

"నువ్వు సూసినవా?"

చూడలేదు. దుకాణదారు చెప్పాడు.

"సభలల్ల మందిని నువ్వు గిట్లనే అడుగుతవంట గద, కండ్లార సూసినవా అని. అమ్మ చెప్పింది."

వంటింట్లోంచి నా భార్య నవ్వు వినబడింది. వేదవాక్కులను నిలదీయడమే పనిగా బతికినవాణ్ణి, దుకాణదారు మాటను వేదవాక్కు చేసుకున్నాను.

"సగం పిల్లలను తల్లి కాడ ఇడువు. సగం నీ కాడనే ఉండని. ఇగ సూద్దాం," అంది పాలమూరు ఆమె.

బతికున్న నలభైని ఇరవై చొప్పున రెండు గుంపులు చేశాం. రెండుచోట్లా ఒకే రకం మేత గుళికలు, తేడా ఒక్కటే. పరీక్ష అంటే ఏమిటో ఇరవై ఏళ్లు వేదికలెక్కి చెప్పాను. చీపురు పట్టుకుని నిలబడి ఆమె పెట్టి చూపించింది. ఆ మాట ఒప్పుకోవడానికి నాకు సిగ్గులేదు.

తొట్టిలో తల్లి గుళికను నోట్లో వేసుకుని నమిలి, పిండిలా ఊదింది. పిల్లలన్నీ ఆ మబ్బులోకి దూరి తిన్నాయి. తండ్రి రెక్కలతో ఇసుక రేపి అడుగున పడిన నలుసులు పైకి లేపింది. ఏ గ్రంథమూ చదవని ఆ జంట ముందు కుర్చీ వేసుకుని ఆఫీసుకు ఆలస్యమయ్యేదాకా కూర్చున్నాను. బేసిన్‌లో మాత్రం నేను రోకలితో దంచిన పొడి నీటిమీద తేలుతూనే ఉంది.

వారానికి తొట్టిలో ఇరవై ఇరవైగానే ఉన్నాయి. బేసిన్‌లో ఏడే మిగిలాయి, అవీ నీరసంగా.

"వీటిని గూడ కలుపు సారూ."

నాకు చెయ్యాడలేదు. పది రోజులు దూరమున్న పిల్లల్ని ఇప్పుడు నిజంగానే మింగితే? ఉంచితే ఎలాగూ చస్తాయి. గరిటెతో ఏడింటినీ తోడి, ఒకదాన్ని మాత్రం తొట్టి నీళ్లలోకి జార్చాను. మగచేప బాణంలా వచ్చి దాన్ని నోట్లోకి పీల్చేసింది. గరిటె చటుక్కున వెనక్కి తీసుకున్నాను.

"ఆగు జర," అంది ఆమె.

మగచేప నింపాదిగా ఈదుకుంటూ పిల్లల గుంపు దగ్గరికి వెళ్లి నోరు తెరిచింది. పిల్ల బయటపడి, ఒళ్లు విదిలించుకుని, మిగతావాటిలో కలిసిపోయింది.

"ఇగ రెండోదాన్ని ఇడువు."