తొక్కకుంటే తుప్పు పడుతది

సైకిల్ తొక్కడమే రాని మనిషి నాలుగు సైకిళ్లను నెత్తిన పెట్టుకుని ఊళ్లెందుకు తిరుగుతాడు? నాకు డెబ్బై ఒకటి నిండాయి, చాలా పుస్తకాలే చదివాను. సగం జవాబు దొరికింది. తొక్కడం ఎందుకు నేర్చుకోలేదో ఇప్పటికీ తెలియదు.

నెత్తి అంటే నా స్నేహితుడు విద్యాసాగర్‌ది కాదు, అతని వ్యాన్‌ది. భూపాలపల్లిలో లైన్‌మన్‌గా రిటైరై, పాత స్కూలు వ్యాన్ కొని, సీట్లు పీకేసి లోపల మంచం, గ్యాస్ పొయ్యి, నీళ్ల డ్రమ్ము పెట్టుకున్నాడు. పైన నాలుగు సైకిళ్లు. నెలకోసారి జనగామ వచ్చి మా గేటు ముందు హారన్ కొడతాడు.

"పుస్తకం మూయి అన్నా, పోదాం పా."

వద్దని వాదించే ఓపిక లేక వెళ్లేవాణ్ణి.

"ఎందుకు సాగర్ ఈ సైకిళ్లు?" అంటే రోజుకో జవాబు. బండికి ఎండ తగలకుండా అని ఒకసారి, బరువుంటే గాలికి ఊగదని ఒకసారి. పది కిలోమీటర్లకోసారి ఆపి, కరెంటు స్తంభం ఎక్కినట్టు పైకెక్కి తాళ్లు చూసుకునేవాడు. రైలు కట్ట కింది వంతెన వస్తే నా చావుకొచ్చేది. బండి దూరుతుంది, పైనున్న సైకిళ్లు దూరవు. నాలుగూ దింపాలి, ఒక్కొక్కదాన్నీ నేను నడిపించుకుంటూ అవతలికి చేర్చాలి, మళ్లీ ఎక్కించాలి.

"మోకాళ్లు నొస్తున్నయంటివి గద, తొక్కరాదే?" అని డ్రైవర్ సీట్లోంచి సలహా.

ఇంతా చేసి, వాటిని ఎవరింట్లోనో పడేసి వచ్చేవాడు. జఫర్‌గఢ్‌లో కూరగాయల గంపతో నడిచిపోతున్న యాకమ్మను ఆపాడు.

"అక్కా, పైన జాగ సరిపోతలేదు. నేనొచ్చేదాక జర మీ ఇంట్ల పెట్టుకో. గంప వెనక కట్టి నడిపిచ్చినా సరే. తొక్కకుంటే తుప్పు పడుతది."

మరుసటి నెల వెళ్లి, టైర్లు తడిమి, ఆమెనే కోప్పడ్డాడు. "ఏందక్కా, అరగనే లేదు?"

"నీ పీడ నాకెందుకు తగిలె నాయినా!" అందామె.

చైనుకు నూనె వేసి, సైకిల్ అక్కడే వదిలి వచ్చేశాడు. నాకు తల కొట్టేసినట్టయింది. మన సామాను వాళ్ల నెత్తిన రుద్ది, పైగా దబాయింపా?

మొన్న జూన్‌లో మహబూబాబాద్ దగ్గర ఒక తండాలో ఆగాం. అంతకు నెల ముందు మంచినీళ్లకని ఆగినది అక్కడే, జైసింగ్ ఇంటి ముందు. కూతురు సౌందర్య పదో తరగతి పాసైందని, కాలేజీకి బస్సెక్కాలంటే రోడ్డు దాకా ఐదు కిలోమీటర్లు నడవాలని, అందుకే చదువు మాన్పిస్తున్నానని అప్పుడు జైసింగ్ చెప్పాడు. సైకిల్ ఇస్తానన్నాడు సాగర్. జైసింగ్ మొహం ముడుచుకుంది.

"కూలి జేసుకొని బతికెటోల్లం సార్. ఉత్తగ ఏదీ తీసుకోం."

ఈసారి నాలుగింటిలో ఒకటి ఎర్రటి లేడీస్ సైకిల్. సాగర్ దాన్ని దింపి గోడకు ఆనించాడు.

"తమ్మీ, పైన జాగ సరిపోతలేదు. జర మీ ఇంట్ల పెట్టుకో. తొక్కకుంటే తుప్పు పడుతది. నెలకోసారి వచ్చి టైర్లు చూస్త, అరగకపోతే ఊకోను."

"పోయిన నెల నాలుగే ఉండె, ఇయ్యాల నాలుగే ఉండె. జాగ ఏడవోయింది సార్?"

సాగర్ నా వైపు చూశాడు. "ఈ అన్న లావైండు."

అప్పటికే సౌందర్య సైకిలెక్కేసింది. "ఒక్క రౌండ్ బాపూ!" అంటూ తండా చివరిదాకా వెళ్లి తిరిగొచ్చింది. ఆ పిల్లను చూస్తుంటే జఫర్‌గఢ్‌లో సాగర్ టైర్లు తడమడం గుర్తొచ్చింది. దాన్ని దబాయింపు అనుకున్నందుకు నా మీద నాకే సిగ్గేసింది.

"దిగు బిడ్డా. సార్‌ది సార్‌కిచ్చేద్దాం," అన్నాడు జైసింగ్.

ఇద్దరం వెనక్కి తిరిగాం. వ్యాన్ లేదు. దుమ్ములో మూడు సైకిళ్లు దూరమవుతున్నాయి. పోయొస్తానన్న మాటైనా లేదు. చెప్పడానికి ఆగితే సైకిల్ తిరిగిచ్చేస్తారని భయం. ఆ కంగారులో నన్ను మరిచిపోయాడు. నా పుస్తకం, బీపీ మాత్రలు బండిలోనే ఉన్నాయి.

జైసింగ్ ఖాళీ రోడ్డును చూశాడు, సైకిల్‌ను చూశాడు.

"ఊకోనన్నడు గద. రేపటిసంది కాలేజీకి పో బిడ్డా, టైర్లరగాలె." తర్వాత నన్ను చూశాడు. "మిమ్ములను గూడ మా ఇంట్లనే పెట్టుకోమన్నడా సార్?"

"అట్లనే ఉంది."

మంచం వాల్చాడు. హమ్మయ్యా అని కూర్చోబోయాను.

"సార్‌ను ఉత్తగ కూసోబెట్టకు బాపూ," అంది సౌందర్య, బెల్ కొడుతూ. "తుప్పు పడుతడు!"