సాంచెలు ఆగిన ఆదివారం

నాకు నోరు పెద్దదని మా వాడలో అందరూ అనేవారు. అది పుట్టుకతో వచ్చింది కాదు, చదువుతో వచ్చింది. నాలుగు సాంచెలు పొద్దంతా టకటకా కొట్టుకుంటుంటే వాటి పక్కన కూర్చొని మూడేళ్లు పాఠాలు బట్టీ పట్టి చూడండి, మీ నోరూ పెద్దదే అవుతుంది. సాంచెలంటే మరమగ్గాలు. సిరిసిల్లలో మా వాడంతా అవే. ఇల్లు ఎంత చిన్నదైనా ముందరి అర్ర సాంచెలది, మిగిలిన మూల మనది.

ఎనభైల మొదట్లో, నేను ఏడో తరగతి పాసైన ఎండాకాలంలో, మా అవ్వ, అంటే మా అమ్మ, బావి గట్టు మీద జారిపడి కుడి చేయి విరగ్గొట్టుకుంది. ఇంట్లో కండెలు చుట్టేది అవ్వే. సాంచె మీద అటూ ఇటూ ఉరికే నాడెలో పెట్టే దారపు పుల్లే కండె. కండె లేకపోతే నాడె లేదు, నాడె లేకపోతే గుడ్డ లేదు, గుడ్డ లేకపోతే గంజిలోకి మెతుకు లేదు. "అవ్వ చెయ్యి అతికేదాంక జర నువ్వు సుట్టు బిడ్డా" అన్నాడు బాపు, మా నాన్న. చేయి అతికింది గాని వంకర అతికింది. జూన్ వచ్చింది, బడి తెరిచారు, నేను కండెలు చుట్టే రాట్నం ముందరే ఉండిపోయాను.

నా బెంచీ మీద కూర్చున్న పిల్లలు రోజూ పొద్దున మా ఇంటి ముందు నుంచే బడికి పోయేవారు. కావాలని గట్టిగా మాట్లాడుకుంటూ పోయేవారని నా అనుమానం. ముక్కు మీద కోపం నాకు. ఒకరోజు ఆ కోపంలో దారం ఎంత బిగించి చుట్టానంటే, ఆ పూట నాడెలో పెట్టిన కండె పెట్టినట్టే దారం తెంపింది. బాపు నాలుగుసార్లు ముడి వేసుకున్నాడు, అయిదోసారి నా దగ్గరికి వచ్చాడు.

"దారం మీద ఎందుకే నీ కోపం? ఏం గావాలె నీకు?"

"సదువుకుంట బాపూ."

వాడ చివర ఒక సారు ఉండేవారు. ఉద్యోగం నుంచి దిగిపోయాక ఇంటి వరండాలో ట్యుటోరియల్ పెట్టారు. బడికి పోలేనివాళ్ల పేర్లు ఆయన తన రిజిస్టరులో ఎక్కించుకునేవారు. చదువు ఇంట్లోనే చదువుకోవాలి, ప్రతి ఆదివారం వచ్చి ఆయన ముందు పరీక్ష రాసి చూపించాలి, వయసు రాగానే పదో తరగతికి ప్రైవేటుగా ఆయనే ఫారం కట్టిస్తారు. బాపు నన్ను వెంటబెట్టుకొని ఆయన దగ్గరికి పోయాడు. వచ్చేటప్పుడు దారిలో ఆగి, వేలు చూపించి ఒక మాట అన్నాడు.

"ఒక్కటే సారి. పాసైతే కరీంనగర్ కాలేజికి తోలిస్త, మాటిస్తున్న. తప్పితే మల్ల అడగొద్దు. రాట్నమే."

సరే అన్నాను. పన్నెండేళ్ల పిల్లకు సరే అనడానికి ఏముంది? మాట ఎంత బరువో తర్వాత తెలిసింది.

రాట్నానికి ఎదురుగా గోడ మీద పుస్తకంలో కాగితాలు మైదా పిండితో అతికించుకున్నాను. అవ్వ చూసి లబోదిబోమంది. పుస్తకాలు చింపితే సరస్వతి పోతుందట. "చేతులు రెండూ రాట్నం మీదుంటే పుస్తకం ఎవలు పట్టుకుంటరే అవ్వా, నువ్వు పట్టుకుంటవా?" అన్నాను. అవ్వ తన వంకర చేతిని చూసుకొని నవ్వి ఊరుకుంది. కుడి చేత్తో రాట్నం తిప్పుతూ, ఎడమ చేతిలో దారం జారవిడుస్తూ, కళ్లు గోడకు పెట్టి పైకి చదివేదాన్ని. పైకి అంటే మామూలు పైకి కాదు, సాంచెల మీదికి. "త్రిభుజంలో! మూడు కోణాలు! కలిపితే నూట! ఎనభై డిగ్రీలు!" ఒక్కో ముక్క ఒక్కో టకటకకు పడేది. అట్లా పడ్డది ఇక మరిచిపోయేదాన్ని కాదు.

గోడకు అవతలి ఇల్లు ఒక మామది. వరసకే మామ, నన్ను ఉడికించడానికే పుట్టిన మనిషి. ఆయనవీ నాలుగు సాంచెలు. నా పాఠాలన్నీ గోడ దాటి ఆయనకు వినపడేవి.

"కోడలా, కిరణజన్య సంయోగక్రియ నిన్న అయిపోయింది గదనే, మల్ల గదే మొదలువెట్టినవ్?"

"నీకు రాలేదని మల్ల జెప్తున్న మామా!"

"నాకెందుకు రాలే! ఆకులు పచ్చగుంటయి, ఎండ తాగుతయి. నన్ను గూడ ఫారం కట్టుమను మీ సారును!"

కరెంటు పోయినప్పుడే చిక్కు వచ్చేది. సాంచెలు ఆగగానే అందరూ హమ్మయ్యా అని అరుగుల మీదికి వచ్చి బీడీలు ముట్టించేవారు. చేతికి తీరిక దొరికింది గదా అని నేను చదవబోతే, రాట్నం ముందర గడగడా వచ్చిన పాఠం నత్తి పట్టినట్టు ఆగిపోయేది. "కరెంటు వోతే బల్బుతోపాటు నీ బుర్ర గూడ ఆరిపోతదా ఏందే?" అనేది అవ్వ. ఉక్కపోత అనుకున్నాను. అందరం అట్లాగే అనుకున్నాం. ఆదివారం పరీక్షల్లో అయినా బయటపడాల్సింది, కానీ సారు వరండా వెనక గోడకు ఆనుకొని కూడా ఎనిమిది సాంచెలు నడిచేవి. అక్కడ నాకు ఎప్పుడూ మంచి మార్కులే. "నువ్వు ఫస్ట్ క్లాసు పిల్లవు" అనేవారు సారు, అదీ అరిచే. మా వాడలో గుసగుసలు ఎవరికీ చేతకావు.

మూడేళ్లు గడిచాయి. హాల్ టికెట్ వచ్చింది. బాపుకు అక్షరాలు రావు గాని అంకెలు వచ్చు. పడుగు దారం చుట్టిన బీముల మీద నంబర్లు, గుడ్డ మీటర్లు చూసుకోవాలి గదా. ఆయన సుద్దముక్కతో నా నంబరును మొదటి సాంచె చెక్క మీద రాసుకున్నాడు. చెరిగిపోతే మళ్లీ దిద్దేవాడు.

పరీక్ష సెంటరు ఊరి బయట, మానేరు వాగు వైపు బడిలో పడింది. మొదటి రోజు శనివారం, తెలుగు. ప్రశ్నపత్రం చేతికి వచ్చింది. చూశాను. అన్నీ వచ్చినవే! ఒక్కటి కూడా రానిది లేదు. సంబరంగా కలం తీశాను. అప్పుడు వినపడింది నాకు, ఏమీ వినపడకపోవడం.

అంత నిశ్శబ్దం నేను పుట్టి ఎరగను. కాగితాల మీద కలాలు గీసుకుంటున్న చప్పుడు, ఎక్కడో ఒక కాకి. అంతే. మొదటి పద్యం మొదటి ముక్క కోసం వెతికితే బుర్రలో తెల్లటి గుడ్డ పరిచినట్టు ఉంది. రెండో ప్రశ్న, అదీ అంతే. అరగంట పోయింది. ఆలోచించకుండానే నా కాలు బెంచీ కింద నేలను తన్నడం మొదలుపెట్టింది. టకటక, టకటక. పద్యం వచ్చింది! గబగబా రాస్తున్నాను, కాలు ఆడిస్తున్నాను, రాస్తున్నాను, ఆడిస్తున్నాను. వెనక నుంచి హాలులో కాపలా ఉన్న వేరే సారు వచ్చి నిలబడ్డారు.

"ఏందమ్మా గది? ఎవలికి సైగ జేస్తున్నవ్?"

"సైగ గాదు సార్, సాంచె!"

"ఏంది?"

"సాంచె లేకుంటే యాదికి వస్తలేదు సార్!"

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన నన్ను ఎగాదిగా చూసి, కాళ్లు రెండూ ఒకదాని మీద ఒకటి వేయించి, ఇంకోసారి చప్పుడైతే పేపరు గుంజుకుంటానన్నారు. గంట కొట్టేసరికి సగం కాగితాలు ఖాళీ. పాసు మార్కులు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. మిగిలిన పరీక్షలన్నీ సోమవారం నుంచి. లెక్కలు, సైన్సు, అన్నీ సాంచెల దగ్గర చదివినవే.

ఇంటికి వచ్చి మంచిగ రాశానని చెప్పాను. కానీ నా నోట్లో నువ్వుగింజ నానదు. అన్నం ముద్ద నోట్లో పెట్టుకోగానే ఏడుపు తన్నుకొచ్చింది. అంతా చెప్పేశాను. అవ్వ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. "సప్పుడు లేకుంటే సదువు రాదా? లోకంల ఎవలకన్న ఉంటదానే ఈ రోగం?" బాపు పళ్లెంలో చేయి కడుక్కొని లేచి సాంచెల దగ్గరికి పోయాడు. కోపం వచ్చిందనుకున్నాను. మూడేళ్లు గొంతు చించుకున్నది రాట్నానికేనా అని, గుడ్ల నీళ్లు గుడ్ల కుక్కుకొని కూర్చున్నాను.

మర్నాడు ఆదివారం. పొద్దున గోడ ముందర కూర్చొని లెక్కలు చదువుతున్నాను. ఉన్నట్టుండి సాంచెలు నాలుగూ ఆగిపోయాయి. నా నోట్లో మాట ఆగిపోయింది. కరెంటు పోయిందనుకొని పైకి చూశాను. బల్బు వెలుగుతూనే ఉంది.

బాపు స్విచ్చు బోర్డు దగ్గర నుంచి వచ్చి గడప మీద వీధి వైపు తిరిగి కూర్చున్నాడు. "సదువు" అన్నాడు, నా వైపు చూడకుండానే.

మా వాడలో ఒక లెక్క ఉంది. కరెంటు ఉండి, పండుగ కాకుండా, ఒక ఇంట్లో సాంచెలు ఆగాయంటే ఆ ఇంట్లో ఎవరో పోయారని. ఎవరూ వచ్చి చెప్పక్కర్లేదు, చప్పుడు ఆగితే చాలు. అయిదు నిమిషాల్లో పక్కింటి మామ భుజాన తువ్వాల వేసుకొని, మొహం వేలాడేసుకొని వచ్చాడు. ఆయన వెనక ఇద్దరు ఆడవాళ్లు అప్పటికే కొంగు కళ్లకు అద్దుకుంటున్నారు.

"బావా... ఎవలు?" అన్నాడు మామ, గొంతు తగ్గించి.

"ఎవలు పోలే. బిడ్డ సదువుకుంటుంది."

"ఆఁ?"

"సప్పుడు లేకుంట సదువుడు నేర్సుకుంటుంది. రేపు పరీక్ష ఉన్నది. మీరు గూడ జర మెల్లగ మాట్లాడుండ్రి."

ఆడవాళ్లు కొంగులు తీసేసి లోపలికి తొంగి నన్ను చూశారు, నేనే పోయినట్టు. మామ నవ్వు ఆపుకోలేకపోయాడు. "ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి! సాంచెలాపి సదివిపిచ్చెటోన్ని నిన్నే సూస్తున్న బావా. నూలిచ్చే సేటు అడిగితే ఏం జెప్తవ్?"

"అడిగినప్పుడు జూస్త. నువ్వు ఫికర్ జెయ్యకు."

మామ నవ్వుకుంటూనే పోయాడు. నాకు మాత్రం చదువు సాగడం లేదు, ఎందుకంటే గోడ అవతల ఆయన సాంచెలు టకటకమంటూనే ఉన్నాయి, నా చెవి పోయి వాటికే అంటుకుంటోంది. కాసేపటికి అవీ ఆగాయి. వాకిటి గోడ మీద నుంచి మామ తల కనిపించింది.

"కోడలా! ఇగ సదువు. పాసు గాకుంటే మాత్రం నా మీటర్లు నువ్వే నేసియ్యాలె!"

వాడ వాడంతా ఆపేశారని రాస్తే బాగుండేది గాని, అబద్ధం. ఆగినవి రెండిళ్లే. దూరం నుంచి మిగతావి వినపడుతూనే ఉన్నాయి. కానీ ఆ రెండిళ్లు చాలు. మొదట కాసేపు చదవలేదు, ఏడ్చాను. ఆ గడప మీద కూర్చున్న వీపు చూస్తే ఆగలేదు నాకు. పెళ్లిళ్లకు కూడా సగం పూటే సాంచెలు ఆపే మనిషి. మా బాపు అంటే నాకు అంత ప్రేమ ఉందని ఆ రోజు వరకు నాకే తెలియదు. తర్వాత కళ్లు తుడుచుకొని, మనసులో చదవడం మొదలుపెట్టాను. ముందు ఒక్కో సూత్రం గుంజితే గాని రాలేదు. మధ్యాహ్నానికి నడిచింది. సాయంత్రానికి, అవ్వ పొయ్యి మీద గరిటె తిప్పే చప్పుడు కూడా అడ్డం రాలేదు.

సోమవారం హాలులో అదే సారు. పరీక్ష అయ్యేదాకా నా కాళ్ల వైపే చూశారు పాపం. నేను కదిలించలేదు. నిశ్శబ్దం వచ్చి మీద పడగానే, గడప మీది వీపును తలుచుకున్నాను, రాశాను. అన్ని పరీక్షలూ అట్లాగే రాశాను. తెలుగు ఒక్కటే గుండెలో ముల్లులా ఉండిపోయింది. ఒక్కటి తప్పితే అంతా తప్పినట్టే గదా.

రిజల్ట్ పేపరు బస్సులో వస్తుంది. ఆ పొద్దున బాపు బస్టాండుకు పోయాడు, సాంచెలు అవ్వ చూసుకుంటోంది, నేను రాట్నం దగ్గర ఉన్నాను. చేతులు తిరుగుతున్నాయి గాని ఏం చుట్టానో తెలియదు. బాపు వచ్చాడు. పేపరు నాలుగు మడతలు పెట్టి ఉంది. నా వైపు చూడలేదు. మొదటి సాంచె దగ్గరికి పోయి చెక్క మీది సుద్ద నంబరు, పేపరులో నంబరు, అంకె అంకెకూ వేలు పెట్టి పోల్చుకున్నాడు. తర్వాత పోయి స్విచ్చు ఆపేశాడు.

నాలుగూ ఆగాయి. తప్పాను, ఇక రాట్నమే అనుకున్నాను. అవ్వ "ఏమాయెనయ్యా?" అని సగమే అన్నది. గోడ అవతల నుంచి మామ కేక వేశాడు.

"బావా! ఇయ్యాల ఎవలు?"

బాపు గొంతు సవరించుకున్నాడు. సాంచెలు నడుస్తుంటే పక్కన ఉన్న మాకే వినపడని గొంతు ఆయనది.

"నా బిడ్డ పాసైంది!"

వీధి చివర సారు వరండా దాకా వినపడిందట. ఆ మాట వినపడాలనే సాంచెలు ఆపాడని అప్పుడు తెలిసింది. మామ గోడ దూకి వచ్చాడు, అవ్వ నవ్వుతూ ఏడుస్తోంది, నేను మాత్రం చేతిలో కండెతో అట్లాగే కూర్చున్నాను. బాపు వచ్చి నా చేతిలో కండె తీసుకున్నాడు.

"లే బిడ్డా. కాలేజికి వోయేదానివి, ఇగ నేను సుట్టుకుంట."

జన్మలో రాట్నం ముట్టని మనిషి నా పీట మీద కూర్చొని, మొదటి చుట్టుకే దారం తెంపేశాడు.