లాగలేని కార్డులు

"లాగాలి లాగాలి అంటున్నారు. దేన్ని లాగాలి సర్? ఎక్కణ్ణుంచి ఎక్కడికి?"

"ఎడమ గడిలోంచి కుడి గడిలోకి, చెన్నవీరా. వీడియోలో చెప్పారు కదా!"

"వీడియో విన్నాను సర్. పడుకునేటప్పుడు కూడా విన్నాను. 'దీన్ని ఇలా పట్టుకుని అలా వదిలేయండి' అంటుంది ఆ అమ్మాయి. దేన్ని, ఎలా అన్నది చెప్పదు. గొంతు మాత్రం బాగుంది."

"జోకులొద్దు. నీకోసమని అడిగి మరీ అక్షరాలు పెద్దవి చేయించాను."

"ఎంత పెద్దవి?"

"చాలా పెద్దవి."

"గోడంత చేయించినా ఒకటే సర్. గోడ కూడా కనపడదు నాకు."

గిర్మిట్ అనే మరమరాల చిరుతిండి పొట్లాలు పట్టుకుని నేను మెట్ల మీదే ఆగిపోయాను. లోపల పోట్లాడుకుంటున్నది మా మేనేజరు ప్రహ్లాద్ కట్టి, చెన్నవీర అంగడి. అంగడి ఆయన ఇంటిపేరు. హుబ్బళ్ళిలో ఒక చీరల కొట్టు పైన మా ఆఫీసు. ఎండుమిర్చి మార్కెట్ యార్డులకు వేలం సాఫ్ట్‌వేర్ చేసి ఇస్తాం. వ్యాపారులు ఏ రాశికి ఏ ధర పెట్టారో అందులో ఎక్కుతుంది, ఎవరిది ఎక్కువో మధ్యాహ్నానికి తేలుతుంది. తేలని రోజున యార్డులో రైతులు అరుస్తారు. ఆ అరుపు మా దగ్గరికొచ్చేసరికి ఒక నంబరు వేసుకుని ఇష్యూ అవుతుంది. రెండు రాశులకు ఒకే నంబరు పడింది, తూకం సున్నా చూపిస్తోంది, ఇలాంటివి. వచ్చిన ప్రతి ఇష్యూనీ తీసుకుని, ఎవరు చెయ్యాలో వాళ్ళకు అప్పగించి, వెంటపడి చేయించి, అయ్యాక మూసేయడం చెన్నవీరన్న పని. ఆయనకు రెండు కళ్ళూ కనిపించవు.

నేను ఇంజినీరింగ్ మధ్యలో మానేసి ఇక్కడ టెస్టింగ్‌లో చేరినప్పుడు ఆయన పనితీరు చూసి మొదట నాకు చిరాకేసింది. నల్లటి స్క్రీన్, దాని మీద తెల్లటి వరుసలు, మౌస్ ఊసే లేదు. ఒక చిన్న మాట కొట్టి ఎంటర్ నొక్కితే తెరిచి ఉన్న ఇష్యూలన్నీ వరుసగా దిగేవి. చెవిలో యంత్రం వాటిని చదివేది. ఎంత వేగంగానంటే, పక్కనున్న మాకు చిమ్మెట అరిచినట్టు వినిపించేది. ఇంకో వరుస కొడితే ఆ ఇష్యూ నా నెత్తిన పడేది. మరో వరుసలో, "తమ్మా, నిన్న చేశానన్నావు, కలలోనా?" అని దాని కిందే రాసేవాడు. అది కంపెనీ మొత్తానికీ కనిపించేది.

గొప్పవాడేం కాదు. ఒకసారి ఇష్యూ నంబరు తప్పు విని, బ్యాడగి యార్డువాళ్ళు పంపిన ఇష్యూని అసలు ఎవరూ చూడకముందే మూసేశాడు. వాళ్ళు ఫోన్లో బూతులు తిడితే ఫ్యాను చప్పుడు వల్ల అన్నాడు. ఆ రోజు ఫ్యాను తిరగనే లేదు. తిండి దగ్గర కూర్చుంటే లేవడు. తన టైపింగ్ వేగం గురించి ఎవరైనా పొగిడేదాకా ఆగకుండా తనే పొగుడుకుంటాడు.

ఊరు గదగ్. వాళ్ళ నాన్నకు సైకిళ్ళ కొట్టు. డిగ్రీలో ఉండగా చూపు అంచుల నుంచి తగ్గుకుంటూ వచ్చి, పరీక్షలు రాసేనాటికి మధ్యలో చిన్న రంధ్రమంత మిగిలి, తర్వాత అదీ పోయింది. అక్కణ్ణుంచి చాలా ఏళ్ళు ఇంట్లో రేడియో వింటూ కూర్చున్నాడు. బంధువులొస్తే పక్క గదిలోకి పంపేవారట. బెంగళూరులో ఎవరో ఈ మాట్లాడే యంత్రంతో పని నేర్పారు. ఉద్యోగం వచ్చాకే నీలవ్వక్కతో పెళ్ళయింది. ఒకసారి నేను కుర్చీ జరపబోతే చెయ్యి విదిలించి, "ఇంట్లో అందరూ నాకు అందిస్తారు. ఇక్కడ నేను అందిస్తాను. కొంచెం జరుగు" అన్నాడు.

ఈ ఏడాది బెంగళూరు కంపెనీ ఒకటి మమ్మల్ని కొనేసింది. వాళ్ళ పద్ధతులు, అవి నేర్పే వీడియోలు వచ్చాయి. ఇష్యూలన్నీ ఒక వెబ్ పేజీలోకి పోయాయి. అక్కడ ఒక్కో ఇష్యూ ఒక్కో రంగు కార్డు. కార్డును మౌస్‌తో పట్టుకుని ఒక గడిలోంచి ఇంకో గడిలోకి లాగాలి. అందంగానే ఉంటుంది, కాదనను. నల్ల స్క్రీన్ మీద మాటలు కొట్టి పని చేయించే కమాండ్ లైన్ దారి మాత్రం భద్రత పేరు చెప్పి మూసేశారు. చెన్నవీరన్న యంత్రం ఆ పేజీ మీదికి వెళ్తే, "బటన్, బటన్, పేరు లేని బొమ్మ, బటన్" అంటుంది. అంతే. ఇంకేం అనదు.

కొన్నాళ్ళు నేనే లాగాను. ఆయన చెప్పేవాడు, నేను లాగేవాణ్ణి. "లాగావా?" "లాగాను." "ఎక్కడికి?" "చెప్పిన చోటికే అన్నా." "నిజంగానా, గాల్లోకా?" ఇలా నడిచింది. కానీ కార్డును ఎవరు కదిపితే వాళ్ళ పేరే ఎక్కుతుంది. నెలాఖరున బెంగళూరుకు పోయిన లెక్కలో చెన్నవీర అంగడి పేరు ఎదురుగా ఏమీ లేదు. నాకు మెచ్చుకోలు వచ్చింది. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆయనా ఊరుకోలేదు. మెయిల్ రాస్తే కూడా ఇష్యూ తెరుచుకుంటుంది కాబట్టి ఒకటి తెరిచాడు. ఈ పేజీని నా యంత్రం చదవలేకపోతోంది, పాత కమాండ్ లైన్ దారి తెరవండి, లేదా కీబోర్డుతో కార్డు కదిలేలా చెయ్యండి, అని. ఎవరూ ముట్టుకోలేదు. కొన్నాళ్ళపాటు ఎవరూ ముట్టుకోని ఇష్యూని ఆ పేజీ దానంతటదే మూసేస్తుంది. మూసేసి మెయిల్ పంపింది. "స్పందన లేనందున మూసివేశాం. మీకు అభ్యంతరముంటే కార్డును మొదటి గడిలోకి లాగండి."

దాన్ని ఆయన హెడ్‌ఫోన్ తీసేసి ఆఫీసంతా వినేలా చదివించాడు. పడీపడీ నవ్వాం. ఆయనే ఎక్కువ నవ్వాడు. నేను కార్డును మొదటి గడిలోకి లాగాను. మళ్ళీ మూసుకుంది. మళ్ళీ లాగాను. మూడోసారి మెయిల్ వచ్చినప్పుడు ఎవరూ నవ్వలేదు.

ఇవాళ్టి పోట్లాట అందులోంచి వచ్చిందే. నేను మెట్ల మీద ఉండగానే కట్టి సర్ గొంతు తగ్గింది.

"సోమవారం నుంచి నువ్వు ఫోన్లు చూసుకో చెన్నవీరా. యార్డులనుంచి వచ్చే ఫోన్లు. జీతం ఒక్క రూపాయి తగ్గదు, అది నేను మాట్లాడాను."

"ఫోన్లో వాళ్ళు చెప్పింది ఎక్కడ రాయాలి సర్?"

"ఆ పేజీలోనే."

"ఎవరు రాస్తారు?"

"పక్కన ఎవరో ఒకరుంటారు. నువ్వు చెప్తే రాస్తారు."

"ఆ రాసేవాళ్ళే ఫోనెత్తితే సరిపోతుంది కదా సర్. మధ్యలో నేనెందుకు?"

"నన్నేం చెయ్యమంటావ్? పైకి ఎన్నిసార్లు రాశానో నీకు తెలీదు. నేను రాసింది కూడా నీ కార్డులాగే మూసేశారు. నా చేతిలో ఏముంది చెప్పు? ఉంటే చెప్పు, చేస్తాను!"

కట్టి సర్ బయటికొచ్చి, నన్ను చూసి, నా చేతిలో పొట్లాలు చూసి, తల దించుకుని దిగిపోయాడు. చెడ్డవాడైతే బాగుండుననిపించింది.

లోపలికెళ్ళి ఒక పొట్లం విప్పి ఆయన చేతికిచ్చాను. తడిమి చూసి, "ఉల్లిపాయ తక్కువేశాడు" అన్నాడు.

"మానెయ్ అన్నా. వీళ్ళ మొహాన కొట్టి వెళ్ళిపో."

"నువ్వు కాలేజీ మానేసినట్టా? నీకు మానేయడానికి ఇంకా బోలెడున్నాయి లే. నాకిదొక్కటే ఉంది." కాసేపు నమిలాడు. "ఫోన్ల దగ్గరే కూర్చుంటాను. నీలవ్వకు మాత్రం ఇప్పుడే చెప్పొద్దు. పొద్దున టిఫిన్ డబ్బా కట్టేటప్పుడు ఆమె చేతి చప్పుడు మారిపోద్ది, నాకు తెలిసిపోద్ది."

పక్కన కూర్చున్నాను.

"నా కార్డు ఇప్పుడెట్లా ఉంది? చూసి చెప్పు."

పేజీ తెరిచాను. "బూడిద రంగులో ఉంది. మూసేసి."

"అది తెలుసు. దాని మీద ఇంకేమైనా రాసుందా?"

"నీ పేరు. తేదీ. మూలన 'కోరిక' అని ఉంది."

నమలడం ఆగిపోయింది. "ఏమనుంది?"

"కోరిక."

మా దగ్గర ప్రతి ఇష్యూకీ ఒక ముద్ర పడుతుంది. ఉన్నది చెడిపోతే లోపం. లేనిది కావాలని అడిగితే కోరిక. లోపమైతే ఎవరో ఒకరు చూసి తీరాలి. కోరిక ఎంతకాలమైనా పడి ఉండొచ్చు. ఇన్నేళ్ళూ అందరి ఇష్యూల మీదా ఆ ముద్ర వేసింది చెన్నవీరన్నే. దీని మీద మాత్రం కొత్త పేజీయే వేసేసింది.

"నేను లేనిదేమీ అడగలేదే," అన్నాడు నెమ్మదిగా. "నడుస్తున్న దాన్ని ఆపేశారు. ఆపేసిందాన్ని అడిగాను. అది కోరికెట్లా అయిందిరా?"

"మళ్ళీ తెరవనా అన్నా? మొదటి గడిలోకి లాగుతా."

"వద్దు. తెరిస్తే మళ్ళీ మూసుకుంటది. దానికి నువ్వూ నేనూ చాలం." పొట్లం కాగితాన్ని మడిచి, ఇంకా మడిచి, బల్ల మీద పెట్టాడు. "మూసే ఉండనీ. ఆ ముద్ర ఒక్కటి మార్చు తమ్మా. కోరిక తీసేసి లోపం అని పెట్టు."