అతుకులక్క మూడంతస్తుల కేకు

ఆ బేకరీలో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. యజమాని దగ్గర్నుంచి పిండి బస్తాలు దించే మనిషి దాకా అందరికీ ఆమె అతుకులక్కే. ఇరవై ఆరేళ్ళుగా చెడిపోయిన కేకులకు అతుకులు వేస్తున్న మనిషికి వేరే పేరెందుకని వాళ్ళ ఉద్దేశం. డబ్బా మూత తగిలి చితికిన గులాబీలు, చోటు చాలక అంచు దాటి వేలాడిన అక్షరాలు, పొయ్యిలోంచి తీస్తుంటే నడిమికి పగిలిన కేకులు అన్నీ ఆమె బల్ల మీదికే వచ్చేవి. ఆమె పగులు మీద తీగ పాకించేది, విరిగిన అంచుకు క్రీముతో ముత్యాల వరస కట్టేది, చెయ్యి జారి పడిన రంగు చుక్కకు రెక్కలు గీసి సీతాకోకచిలుకను చేసేది. కొనుక్కున్నవాళ్ళు సరిగ్గా ఆ అతుకునే మెచ్చుకుని మరీ పట్టుకెళ్ళేవాళ్ళు. అది విని ఆమె తల దించుకుని నవ్వుకునేది. గర్వమా అంటే గర్వమే. కష్టపడి సంపాదించుకున్న గర్వం, దాచుకోవడమెందుకు?

ఇన్ని అతికిన మనిషికి అతకడం చేతకాని కేకు ఒక్కటే ఒక్కటి ఉంది. అది సొంత చెల్లెలి పెళ్ళి విందులోది.

అప్పటికి పనిలో చేరి ఏడాది కూడా నిండలేదు. చెల్లెలికి మూడంతస్తుల కేకు తానే చేస్తానని పట్టుబట్టింది. పని నేర్పిన మాస్టరు ముందే చెప్పాడు. "ఎండలో పెట్టే కేకమ్మా. ఒట్టి వెన్నతో పూత వెయ్యకు. వనస్పతి కలుపు." ఆమె ససేమిరా అంది. చెల్లెలి పెళ్ళికి వనస్పతా? మంచి వెన్న తప్ప మరోటి ముట్టనంది. విందేమో మిట్టమధ్యాహ్నం, ఆరుబయట, గుడ్డ పందిరి కింద. వెన్నకు ఎవరి చెల్లెలైతే ఏం? అరగంటలో పై అంతస్తు పక్కకు ఒరిగింది. అప్పుడే ఫొటోలు మొదలయ్యాయి. ఆమె చప్పున కేకు వెనక మోకాళ్ళ మీద కూర్చుని, రెండు అరచేతులతో దాన్ని నిలబెట్టి పట్టుకుంది. ఫొటోలన్నీ అయ్యేదాకా అంగుళం కదల్లేదు. మోచేతుల దాకా వెన్న కారింది. చేతులు తీసీ తీయగానే పై అంతస్తు బల్ల మీద, రెండోది నేల మీద పడ్డాయి.

చెల్లెలు పల్లెత్తు మాట అనలేదు. చెల్లెలి మొగుడైన మరిది మాత్రం ఏటా పెళ్ళిరోజున తప్పకుండా అనేవాడు, "కేకు కూలినా కాపురం నిలబడిందంటే అంతా మా వదిన చలవే!" అందరితో పాటు ఆమె కూడా నవ్వేది, ఇంటికొచ్చి కుమిలిపోయేది. చెల్లెలి ఇంటి గోడ మీద పెళ్ళి ఫొటోలు బోలెడున్నాయి గానీ కేకు ఉన్నది ఒక్కటీ లేదు. తన పరువు పోకూడదని తీసేసి ఉంటారని ఆమె ఎప్పుడో అనుకుంది. ఆ మాట పైకి అడిగే ధైర్యం మాత్రం చెయ్యలేదు.

ఇరవై అయిదో పెళ్ళిరోజు దగ్గర పడుతుంటే చెల్లెలు ఫోన్ చేసింది.

"అక్కా, ఈసారి విందు పెడుతున్నాం. మధ్యాహ్నం, మా పెరట్లో పందిరేసి. కేకు నువ్వే చెయ్యాలి. మూడంతస్తులు."

"మూడెందుకే? చక్కగా ఒకటి చేసిస్తాను. ఇంట్లో ఫ్యాను కింద పెట్టుకోండి."

"నాకు అదే కేకు కావాలి. అదే ఎండలో."

ఆ రోజంతా ఆమెకు అన్నం సయించలేదు. ఈసారీ కూలిందంటే అతుకులక్క అన్న పేరుకు అర్థం లేదు. దానికన్నా ముఖ్యం, చెల్లెలి ముఖం మళ్ళీ చూసే ధైర్యం ఉండదు.

మర్నాటి నుంచి వాళ్ళ డాబా పిట్టగోడ మీద గిన్నెలు వెలిశాయి. ఒక్కో గిన్నెలో ఒక్కో రకం క్రీము. ఆమె భర్త గడియారాలు బాగుచేసే మనిషి. రిపేరు పూర్తయిన గోడ గడియారం ఒకటి తెచ్చి గిన్నెల పక్కన నిలబెట్టాడు. పాల మీగడ క్రీము పది నిమిషాలకే నీరుగారిపోయింది. వెన్న పావుగంటకు చేతులెత్తేసింది. తెల్ల చాకొలెట్టు కరిగించి చేసింది కాసేపు బింకంగా నిలబడి, ఆనక నూనె తేలింది. ఒట్టి వనస్పతిది మాత్రం గంట దాటినా చెక్కు చెదరలేదు.

"ఇదే ఖాయం చేసెయ్" అన్నాడు భర్త, చెంచాడు నోట్లో వేసుకుని. మరుక్షణం ముఖం అదోలా పెట్టాడు. "అబ్బే! అంగిట్లో కొవ్వొత్తి రాసినట్టుందే."

"నిలబడితే చాలదండీ, మింగుడు పడాలి" అంది ఆమె.

తొమ్మిది రోజులు పట్టింది లెక్క తేలడానికి. ఒక వంతు వెన్న, రెండు వంతుల వనస్పతి, మూడుసార్లు జల్లించిన చక్కెర పొడి, చెంచాడు మొక్కజొన్న పిండి, చిటికెడు ఉప్పు. పాలు చుక్కలు లెక్కపెట్టి పొయ్యాలి, ఎందుకంటే తడి ఎంత తక్కువైతే పూత అంత గట్టిగా నిలబడుతుంది. ఆ గిన్నె గంటన్నర ఎండ కాసినా గీసిన గీత గీసినట్టే ఉంది. భర్త చెంచా నాకి, మరో చెంచాడు తీసుకున్నాడు. అప్పుడు గానీ ఆమెకు ఊపిరాడలేదు. ఇక అంతస్తుల మధ్య నిలువునా ఊతపుల్లలు గుచ్చి, తెల్లటి పూత వేసి, చక్కెర ముద్దతో చేసి ఆరబెట్టిన ఎర్ర గులాబీలు పైనుంచి కిందికి పేర్చింది.

విందు రోజు బల్ల ఎగుడుదిగుడు లేకుండా ఉందో లేదో చూసుకుందామని ఆమె ముందే వెళ్ళింది. కేకు తెచ్చే పని మరిది నెత్తిన వేసుకున్నాడు. "వదినా, మీరు నిశ్చింతగా ఉండండి. కంటికి రెప్పలా తెస్తాను" అన్నాడు పొద్దున్నే.

తెచ్చాడు. వ్యాను తలుపు తీసి, అట్టపెట్టె మీద నుంచి నీళ్ళోడుతున్న దుప్పటి గర్వంగా లాగాడు. "ఎండ తగలకుండా దారంతా తడుపుతూనే ఉన్నా. ఎంత చల్లగా ఉందో చూడండి!"

ఆమె పెట్టె తెరిచింది. అట్ట నానిపోయి, నీళ్ళు చుక్క చుక్కగా లోపలికి కారాయి. చక్కెర గులాబీలు కరిగి ముద్దయ్యాయి. ఎర్ర రంగు మూడంతస్తుల మీదుగా చారలు చారలుగా దిగింది. ఎండకు కరగని కేకు చేసింది, తడికి కాదు.

"ఈసారి... ఈసారైనా మీకు ఆ బాధ ఉండకూడదనీ..." అని మరిది నీళ్ళు నమిలాడు. పాతికేళ్ళుగా అతను చేసిన వేళాకోళాలన్నిటికీ బదులు చెప్పే అవకాశం వచ్చింది. కడిగెయ్యాలని నోరు తెరిచింది కూడా. కానీ ఆ ముఖం ఆమెకు తెలుసు. ప్రేమ కొద్దీ చెడగొట్టిన మనిషి ముఖం. అచ్చంగా వెన్న కారుతున్న చేతులతో తాను నిలబడ్డ రోజున అద్దంలో చూసుకున్నదే.

"పరవాలేదు బాబూ. మీరిక చెయ్యి పెట్టకండి, అదే పదివేలు. టేబుల్ ఫ్యానొకటి తెచ్చిపెట్టండి" అంది.

అతిథులు రావడానికి ముప్పావుగంట ఉంది. ఎక్కడికెళ్ళినా వెంట ఉండే రేకు డబ్బా తెరిచింది. అందులో మిగులు క్రీము, దాన్ని పిండే కోన్లు, పలచటి కత్తి, మెత్తటి కాగితాలు ఉన్నాయి. ముందు కరిగిన గులాబీల్ని ఎత్తేసి, తడిని కాగితంతో అద్దింది, రుద్దలేదు. ఫ్యాను గాలికి పైపొర ఆరాక ఎర్ర చారలు పడ్డ మేర కత్తితో పొరలా గీకి తీసేసింది. కొన్ని చారలు లోపలికి ఇంకిపోయాయి. వాటి జోలికి పోలేదు. వాటినే కాడలు చేసింది. ఒక్కో చార వెంట ఆకులు వేసింది. చార ఆగినచోటల్లా క్రీముతో ఒక గులాబీ విచ్చుకుంది. పిల్లలు చుట్టూ మూగారు. మరిది అయిదడుగుల దూరంలో చేతులు వెనక్కి కట్టుకుని, బడిలో శిక్ష పడ్డవాడిలా నిలబడ్డాడు.

ఆమె కోను కింద పెట్టి వెనక్కి జరిగి చూసింది. ఇంట్లో బయల్దేరినప్పుడు అది చక్కటి కేకు. ఇప్పుడు అంతకన్నా అందంగా ఉంది. అంత అందమైనది తన చేతుల మీదుగా ఇంతవరకూ రాలేదని ఆమెకు తెలిసిపోయింది. అంతమందిలోనూ పైకే అనేసింది, "బ్రహ్మాండంగా ఉంది!"

విందు మొదలైంది. ఎండ పందిరి గుడ్డలోంచి దిగుతోంది. పావుగంట, అరగంట, గంట. ఆమె కళ్ళు పై అంతస్తు మీంచి మరల్లేదు. అది ఒరగలేదు.

ఫొటోల వేళకు ఆమె అలవాటుగా బల్ల వెనక్కి నడిచింది. చెల్లెలు వచ్చి రెక్క పట్టుకుంది. రెండో చేతిలో రంగు వెలిసిన పాత ఫొటో ఒకటి. అందులో కొత్త పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు, ఒరిగిన కేకు. కేకు వెనక ముఖం లేదు. వెన్న కారుతున్న రెండు అరచేతులు మాత్రం ఉన్నాయి.

"ఇదింకా దాచావుటే? చింపి పారెయ్యకపోయావా?"

"బీరువా తలుపుకి లోపల అంటించుకున్నా. రోజూ చీర తీసేటప్పుడు చూసుకుంటాను."

"కూలిపోయిన కేకు చూసుకోవడమేమిటే?"

"కేకెవరు చూశారక్కా? నేను ఈ చేతులు చూసుకుంటాను. అందరూ నవ్వుతున్నా నువ్వు వదల్లేదు." చెల్లెలు ఫొటో మీద వేలు పెట్టింది. "ఇందులో నీ ముఖం లేదు. అందుకే మళ్ళీ చేయించాను. ఈసారి వెనక కాదు, ముందుకు రా."

ఆమె ముందుకొచ్చి నిలబడింది. కేకు దాని కాళ్ళ మీద అది నిలబడి ఉంది. పాతికేళ్ళ తర్వాత తన చేతులకు ఏ పనీ లేకపోయేసరికి వాటిని ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు తోచలేదు. ఒకటి చెల్లెలు పట్టుకుంది. రెండోది, అడగకుండానే, మరిది పట్టుకున్నాడు.