మొదటి గుండు ఖరీదు

గుజ్జల వెంకట చలపతి మొట్టమొదటిసారి శ్యామసుందరి ఎదుట నిలబడినప్పుడు అతడి చేతిలో ఉన్నది ఒక మేక మెడగంట. పెర్త్ నగరపు దక్షిణ శివారులో, రేకుల కప్పు కింద నడిచే ఆ చిన్న తుపాకుల కార్ఖానాలోకి అడుగుపెట్టినవాళ్ళు ముందుగా గోడ పక్కన వరుసగా నిలిపిన రైఫిళ్ళను చూస్తారు. అతడు వాటివంక కన్నెత్తి చూడలేదు. గంటను బల్ల మీద పెట్టి, దీన్ని మెడలో వేసుకుని తిరిగినదాన్ని ఒక అడవికుక్క చంపిందనీ, ఆ కుక్కను చంపడానికి ఏ తుపాకీ కావాలో చెప్పమనీ ఇంగ్లీషులో అడిగాడు. నీలిరంగు ఏప్రన్ కట్టుకుని, ముక్కు మీదికి జారిన కళ్ళజోడులోంచి తనను పరికిస్తున్న ఆ మనిషి తెలుగావిడ అయి ఉంటుందని అతడికి తోచనేలేదు.

"మీది ఏ ఊరండీ?" అని ఆమె తెలుగులో అడిగింది.

చలపతి ఒక క్షణం తెల్లబోయాడు. "కదిరి పక్కన. నువ్వేందక్కా, ఈడ తుపాకులు చేస్తాండావు?" అన్నాడు.

అది ఆమెను అందరూ అడిగే ప్రశ్నే. తెనాలిలో పుట్టిన శ్యామసుందరి మెకానికల్ ఇంజనీరింగు చదవడానికి ఈ దేశం వచ్చింది. గనుల కంపెనీలో యంత్రభాగాల బొమ్మలు గీసే ఉద్యోగం విసుగెత్తి ఈ కార్ఖానాలో చేరింది. వృద్ధుడైన యజమాని ఆమెకు పని నేర్పి, క్రమంగా తాను రావడం తగ్గించుకున్నాడు. ఇప్పుడు గురిపోటీల వాళ్ళకూ రైతులకూ ఒక్కొక్క రైఫిలునూ చేత్తో కూర్చి ఇచ్చేది ఆమే. తొందరపెట్టేవాళ్ళకు ఆమె పని చేయదు.

చలపతి కథ ఆమెకు ఆనాడు కొంత, తరువాత కొంత తెలిసింది. అతడు అకౌంట్సు చదవడానికి వచ్చిన విద్యార్థి. చదువు పూర్తిచేసి, ఆ ఉద్యోగం ఒంటికి పడక, ఉత్తరాన గనులకు సరుకు మోసే లారీలు నడిపాడు. ఆ సంపాదనతో గోధుమ పొలాలు ముగిసి ఎర్రమన్ను మొదలయ్యే తూర్పు అంచున నేల కొని మేకలు పెంచసాగాడు. భార్య ప్రియ నగర శివారైన హారిస్‌డేల్‌లోని ఇంట్లో ఉండి ఆఫీసుకు వెళ్ళేది. అతడు వారాంతాల్లో ఇంటికి వచ్చేవాడు. ఆస్ట్రేలియా దాకా పోయి మేకలు కాస్తున్నాడని బంధువులు నవ్వితే అతడి జవాబు సిద్ధంగా ఉండేది: ఆఫీసులో ఉన్నప్పుడు మేనేజరు తనను కాసేవాడు, ఇప్పుడు తాను మేకలను కాస్తున్నాడు, ఈ రెంటిలో ఏది మేలో వాళ్ళే తేల్చుకోవచ్చు. హారిస్‌డేల్‌లో పండుగ వంటలకు చలపతి మేకమాంసమే కావాలని పట్టుబట్టే ఇళ్ళు చాలా ఉండేవి.

ఆ గంట వేసుకుని మందకు ముందు నడిచే పెద్దమేక పేరు రంగమ్మ. ఈనడానికి సిద్ధంగా ఉన్న దాన్ని కుక్క పట్టుకుంది. ఆకలికి తిన్నా అతడు ఓర్చుకునేవాడేమో, అది తినలేదు. గొంతూ కడుపూ చీల్చి, వదిలేసి, ఇంకొకదాని మీదికి వెళ్ళింది. ముందరి కాలొకటి తెల్లగా ఉండే ఆడకుక్క అది. అతడి పాత రైఫిలు ఎంత దూరం వేయగలదో దానికి తెలిసిపోయింది. ఆ దూరం దాటి మిట్ట మీద కూర్చుని, అతడు మేకలను పూడ్చిపెడుతుంటే చూసేదట.

శ్యామసుందరి వెంటనే తన సరుకు అంటగట్టలేదు. "దగ్గరికొచ్చే నక్కలకైతే అంగట్లో దొరికే తుపాకీ చాలు, చలపతిగారూ. అది చెడ్డదేం కాదు. మా దాని ఖరీదులో నాలుగోవంతు కూడా ఉండదు. ఆలోచించుకోండి," అంది.

"ఇది నక్క కాదక్కా. దూరంగా కూర్చోని నన్ను చూసి నవ్వతాది. ఒక్కసారి మిస్ అయిందంటే మళ్ళా సీజన్ దాకా కనపడదు. చెప్పు, నీ దాంట్లో అంత ఖరీదు యాడుండాది?"

ఆమె ఒక రైఫిలు తెచ్చి బల్ల మీద పడుకోబెట్టింది. గొట్టానికీ దాని కింది కర్రకూ నడుమ ఒక కాగితపు ముక్కను దూర్చి, చివరిదాకా జార్చి చూపించింది. ఆ సందులో గాలి తప్ప ఇంకేమీ ఉండకూడదు. గొట్టం కర్రను తాకితే, ఎండకూ వానకూ కర్ర కదిలినప్పుడల్లా గుండు దారి మారుతుంది. యంత్రాలమీద వేలకొద్దీ తయారయ్యే తుపాకుల్లో ఆ సందు ఒక్కొక్కదానికి ఒక్కొక్క తీరుగా ఉంటుంది. నాలుగు గుండ్లు కాల్చి గురి దిద్దుకునే అవకాశం ఉన్నవాడికి అది చాలు. ఇక్కడ మాత్రం ప్రతి ముక్కనూ దాని పక్క ముక్కతో కొలిచి, అరగదీసి, మళ్ళీ కొలిచి కూరుస్తారు. చల్లని తెల్లవారుజామున, రాత్రంతా మంచులో ఉన్న గొట్టంలోంచి వెళ్ళే తొలిగుండు కోసమే ఆ శ్రమంతా.

"ఖరీదంతా ఆ మొదటి గుండుకే," అందామె. "అది మీరు చూసిన చోటికే వెళ్తుంది. వెళ్ళకపోతే తప్పు నాది."

ఆ మాట ఆమె ఆలోచించే అంది. చలపతి ఆ మాటను గుండెలో పెట్టుకుని వెళ్ళాడు.

పోలీసుల అనుమతి రావడానికీ రైఫిలు తయారు కావడానికీ శీతకాలమంతా పట్టింది. వసంతం మొదట్లో అతడు వచ్చి, రైఫిలు క్లబ్బు మైదానంలో కాల్చి చూసుకున్నాడు. మొదటి గుండు గురిపలక మీది నల్లటి చుక్క నడిమధ్యన పడింది. అతడు రెండోసారి కాల్చలేదు. మిగిలినవి ఎవరికి దాచాలో తనకు తెలుసన్నాడు.

దసరా వెళ్ళిన కొన్నాళ్ళకు వాసుదేవరావు ఫోను చేశాడు. హారిస్‌డేల్ తెలుగువాళ్ళలో పెద్దమనిషి, రైఫిలు క్లబ్బులో సభ్యుడు, శ్యామసుందరిని కూతురిలా చూసే మనిషి. చెప్పలేక చెప్పలేక విషయం చెప్పాడు. చలపతికి తెల్లకాలి కుక్క ఎదురుపడిందట. ఊపిరి బిగపట్టి కొట్టిన మొదటి గుండు గురి తప్పిందట. కుక్క లేచి, ఒళ్ళు దులుపుకుని, మిట్ట దిగి వెళ్ళిపోయిందట. ఆ వారమే మందలో మరికొన్ని చచ్చాయి. అప్పటినుంచి మాంసం ఇవ్వడానికి వెళ్ళిన ప్రతి ఇంటి గుమ్మంలోనూ చలపతి ఒకటే పాట: సొంత మనిషని నమ్మితే నిలువునా ముంచిందనీ, అంగడి తుపాకీకి సోకుచేసి అమ్ముకుంటోందనీ.

"అత్త మీది కోపం దుత్త మీద చూపిస్తున్నాడులే అమ్మాయ్, పట్టించుకోకు," అన్నాడు వాసుదేవరావు.

శ్యామసుందరి పట్టించుకుంది. ఆమెకు కోపం వస్తే అరవదు. మాట తగ్గిస్తుంది, చేయవలసింది చేస్తుంది. ఆ రాత్రి ఆమె చలపతిని ఏం చేస్తే అతడి నోరు జన్మలో లేవదో తీరికగా, ఒక పనిముట్టును ఎంచుకున్నంత శ్రద్ధగా ఆలోచించుకుంది. మరునాడు వాసుదేవరావుకు చెప్పి పంపింది: చలపతి వచ్చే ఆదివారం రైఫిలుతో క్లబ్బు మైదానానికి రావాలి. అతడు ఎవరెవరి గుమ్మాల్లో తన పేరు ఎత్తాడో వాళ్ళూ రావాలి. విన్న చెవులతో పాటు చూసే కళ్ళు కూడా ఉండాలని ఆమె పట్టుదల.

అందరూ వచ్చారు. చలపతి కూడా తగ్గేది లేదన్నట్టు ఛాతీ విరుచుకుని వచ్చాడు. శ్యామసుందరి రైఫిలు అందుకుని, పడుకుని, తొలిగుండు కాల్చింది. దుర్భిణిలో చూసిన వాసుదేవరావు గొంతు సవరించుకున్నాడు. గుండు చుక్కకు అరచేతి వెడల్పున పక్కకు పడింది.

"చూసినారా?" అన్నాడు చలపతి, ఆమెవైపు కాకుండా జనంవైపు తిరిగి. "నేను చెప్తే నమ్మకపోతిరి. యాడ పోయింది క్వాలిటీ?"

శ్యామసుందరి దుర్భిణి అడిగి తీసుకుని తానే చూసింది. కొలతల్లో తానే తప్పిందా? ఆమె లేచి కూర్చుని, జేబులోంచి కాగితపు ముక్క తీసి గొట్టం కింద దూర్చింది. కాగితం కొంతదూరం పోయి ఆగిపోయింది. మళ్ళీ దూర్చింది. మళ్ళీ అక్కడే ఆగింది. అప్పుడు ఆమె తొందరపడకుండా మరలు విప్పి, గొట్టాన్ని కర్రలోంచి పైకెత్తింది.

కర్ర గాడి పొడవునా పసుపుపచ్చని పెచ్చు రాయిలా గట్టిపడి ఉంది. మధ్యమధ్య కుంకుమ చారలు. ఒకచోట అక్షింతగింజ ఇరుక్కుని ఉంది. తుపాకీ నూనె వాసనను మించి గంధపు వాసన గుప్పుమంది.

"దసరాకు పూజ చేశారా?" అని ఆమె అందరికీ వినపడేలా అడిగింది.

"చేసినా. ఆయుధపూజ. మా నాయన కొడవండ్లకు చేసేటోడు," అన్నాడు చలపతి, ఇంకా తల దించకుండా.

"గంధం ఎక్కడ పూశారు?"

"అంతా పూసినా. సందులు గూడా వదల్లే."

ఆ జవాబు కోసమే వారమంతా కాచుక్కూచున్నట్టు ఆమెకు అనిపించింది. "మీరు డబ్బు పోసి కొన్నది ఈ సందునే, చలపతిగారూ. దాన్ని మీ చేతులతోనే పూడ్చుకున్నారు. అంగడి తుపాకీ అయితే ఈ గంధం వల్ల దానికి చెడేదేమీ లేదు, అదెట్లాగూ వంకరే. నాది కాబట్టి ఇంత కచ్చితంగా తప్పింది."

"అంటే తుపాకీకి పేరంటం చేశావన్నమాట. తాంబూలం కూడా పెట్టావా నాయనా?" అన్నాడు వాసుదేవరావు. జనం గొల్లుమన్నారు.

చలపతి ముఖంలో రక్తం దిగిపోయింది. శ్యామసుందరి ఆ ముఖాన్ని తనివితీరా చూసింది. ఇంటికి వెళ్ళే దారి పొడవునా ఆ నవ్వులను మళ్ళీ మళ్ళీ చప్పరించింది. కార్ఖానాలో లోహాన్ని చెక్కే లేతు యంత్రానికి తాను కూడా ఆ దసరా రోజున, ఏ భాగానికీ హాని కలగని చోట చూసి, బొట్టు పెట్టింది. ఆ జాగ్రత్త అతడికి ముందే చెప్పి ఉండవచ్చునన్న ఆలోచన రెండు రోజుల తరువాత గాని ఆమెకు రాలేదు. వచ్చాక త్వరగా పోలేదు.

శుభ్రం చేసిన రైఫిలు కోసం చలపతి తానే వచ్చాడు. క్షమించమని అడగలేదు. అయితే తాను నిందవేసిన ప్రతి గుమ్మంలోనూ మళ్ళీ నిలబడి, తప్పు తనదని చెప్పి వచ్చాడని ఆమెకు తరువాత తెలిసింది. వెళ్తూ వెళ్తూ, "ఇంక మిస్ అయితే తిట్టేదానికి గూడా ఎవరూ లేరు గదక్కా," అన్నాడు.

ఆ మాట అతడిని పీల్చేసింది. ఎండాకాలమంతా మిట్ట ఎదుట కాపు కాశాడు. హారిస్‌డేల్‌కు రావడం మానేశాడు. పండుగలకు మాంసం రాలేదని గొణిగినవాళ్ళు మెల్లగా వేరే అంగడి చూసుకున్నారు. ప్రియ ఒకసారి కార్ఖానాకు ఫోను చేసి, ఆ కుక్క ఫోటో ఏదైనా ఉంటే పంపమంది. ఇంట్లో మొగుడి కంటే ఎక్కువగా వినపడే పేరు దానిదే కాబట్టి ముఖమైనా చూడాలని ఉందని అంది. నవ్వుతూ మొదలుపెట్టింది గాని నవ్వు మధ్యలోనే ఆగింది. శ్యామసుందరి చలపతికి ఫోను చేస్తే అతడి జవాబు ప్రతిసారీ ఒకటే: "ఇంకా రాలే." గడ్డి ఎండింది, వానలు వచ్చాయి, చలి దిగింది. పాముపగ అంటారు గాని, మనిషి పగకు కుబుసం విడిచే తీరిక కూడా ఉండదు.

శీతకాలం చివర ఒక మధ్యాహ్నం అతడు కార్ఖానాకు వచ్చాడు. గడ్డం మాసి, బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయి. రైఫిలును సంచితో సహా బల్ల మీద పెట్టి, కుర్చీలో కూలబడ్డాడు. తెల్లవారుతుండగా తెల్లకాలి కుక్క మిట్ట మీదికి వచ్చిందనీ, ఎప్పటి దూరంలోనే కూర్చుందనీ, ఒక్క గుండుకే పడిందనీ చెప్పాడు. మొహాన ఉమ్మేద్దామని అంత దూరమూ నడిచి వెళ్ళాడట. వెళ్ళి చూస్తే కుక్క పొదుగు పాలతో బిగిసి ఉంది. ఉమ్మకుండానే వెనక్కు వచ్చాడట.

శ్యామసుందరికి అడగాలనిపించింది, అడగకుండా ఉండలేకపోయింది. "ఖరీదుకు తగ్గదేనా?"

"తగ్గదే. నువ్వు చెప్పినట్లే పోయింది, నేను చూసిన చోటికే. చౌకదైతే నేను కొట్టినానో, గాలి కొట్టిందో అనుకోనుంటా. దీంతో ఆ సందు గూడా లేదు. కొట్టింది నేనే."

ఆమె లేచి వెళ్ళి టీ పెట్టి ఇచ్చింది. అతడు తాగకుండా చేతుల్లో పట్టుకుని కూర్చున్నాడు.

"దాని పిల్లలు యాడుండేదీ నాకు తెలిసిందక్కా. వాటి సంగతి చూసేదానికి గవర్నమెంటు మనిషి సోమవారం వస్తాడు. అది వాళ్ళ పని, వాళ్ళు చేసుకోనీ. నాకేమో రంగమ్మ కడుపులో ఉన్న పిల్లలు గుర్తొస్తాండాయి. అబద్ధం చెప్పను, దాన్ని కొట్టినప్పుడు నా కడుపు సల్లబడింది. మళ్ళా సల్లబరుచుకోవాలనిపిస్తాంది. అదే బాగలే."

ఇతరుల తుపాకులను భద్రపరిచే అనుమతి ఆ కార్ఖానాకు ఉంది. ఆ సంగతి అతడికి తెలుసు. లేచి, సంచిని ఆమెవైపు తోశాడు. అతడు ఆమెను కోరిన ఆఖరి కోరిక ఇది:

"దీన్ని నీ ఇనప్పెట్టెలో పెట్టి తాళం వెయ్యి. నేనే వచ్చి అడిగినా ఇయ్యొద్దు."