ఎవరినీ నొప్పించని జవాబు

ఎల్.బి. నగర్‌లో మా ఇంటి ఓనరు పాండురంగం గారి అబ్బాయి చైతన్య మహా మాటకారి. అయితే కంప్యూటర్ ముందు కూర్చున్నంతసేపే. అక్కడి నుంచి లేచాడంటే నోట్లో నాలుక లేని మనిషి.

కంప్యూటర్‌లో వాడు ఆడే ఆట సంగతి నాకు వాళ్ల నాయనమ్మ బుచ్చవ్వ వల్ల తెలిసింది. అందులో వాడొక యోధుడు. ఊళ్లు తిరుగుతుంటాడు. దారిలో రాజో దొంగో ఎదురై ఏదో అడుగుతాడు. తెర కింద మూడు నాలుగు జవాబులు వస్తాయి. వాటిలో ఒకటి ఎంచుకుంటే యోధుడు ఆ మాట అంటాడు. మాట నచ్చితే ఎదుటివాడు మన జట్టులో చేరతాడు, నచ్చకపోతే కత్తి దూస్తాడు. బుచ్చవ్వకు ఇంగ్లీషు రాదు కనక మనవడు అన్నీ చదివి వినిపించేవాడు.

"గా దొంగోనికి గంత మర్యాదేందిరా? నాలుగు తిట్టరాదు?" అనేది ఆవిడ.

"తిడితే మనతోని ఉండడవ్వా" అని వాడు బుద్ధిగా ఇంకోటి నొక్కేవాడు.

ఎవరికి ఏ మాట నచ్చుతుందో వాడికి కంఠోపాఠం. ఆట మొత్తంలో ఒక్కరి మనసూ నొప్పించలేదు. తనకు ఏమనాలని ఉందో అది మాత్రం ఒక్కసారీ అనలేదు. ఆ సంగతి వాడికి తట్టనూ లేదు.

ఇక బయట వాడి జవాబులన్నీ పాండురంగం గారే చెప్పేవారు. పరాయివాళ్ల ముందు పెద్దవాడే మాట్లాడాలి, మిగతావాళ్లు పక్కన కూర్చోవాలి. అది వాళ్లింటి పద్ధతి. నాదర్‌గుల్ వైపు ప్లాట్లు అమ్మే వాళ్ల ఆఫీసులోనూ అంతే. "చైతన్యా, టీనా కాఫీనా?" అని నేను వాణ్ణి అడిగితే, "మావోనికి చాయే పొయ్యండి మేడమ్" అని మెట్ల మీంచి ఆయన కేకేసేవారు. వాడికి కాఫీ ఇష్టమని నాకు తెలుసు. అయినా నోరెత్తకుండా టీ తాగేవాడు. నాకు ఒళ్లు మండేది. నాదా, విజయవాడ నోరు. కోచింగ్ సెంటర్‌లో రోజంతా ఇంగ్లీషు చెప్పి వచ్చినా అలసిపోని నోరు.

ఇలా ఉండగా బాలాపూర్ సంబంధం వచ్చింది. అమ్మాయి పేరు ప్రణతి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కళ్లద్దాల షాపులో కంటి పరీక్షలు చేస్తుంది. పెళ్లిచూపుల నుంచి వచ్చిన చైతన్య ముఖం చూడగానే అర్థమైంది, అబ్బాయి మనసు అక్కడే వదిలి వచ్చాడని. మర్నాడే అమ్మాయి వద్దందని కబురొచ్చింది.

బుచ్చవ్వా నేనూ వాడికి చెరో పక్క కూర్చుని నిలదీశాం. ఇద్దరినీ విడిగా మాట్లాడుకోమన్నారట.

"పెళ్లయినంక జాబ్ చేస్త అన్నది. మీ ఇష్టం అన్న. వేరు కాపురం పెడదమా అన్నది. మీ ఇష్టం అన్న. మీకు ఎసొంటి పిల్ల కావాలె అన్నది. మీ ఇష్టం అన్న."

చివరిదానికి నేను నవ్వు ఆపుకోలేకపోయాను.

"'అన్నీ నా ఇష్టమే అయితే నేనెవర్ని చేసుకుంటున్న, నన్ను నేనేనా' అని లేచి ఎల్లిపోయింది ఆంటీ. నేను తప్పు జవాబు ఒక్కటి గూడ చెప్పలే" అన్నాడు. పాపం, వాడి లెక్కలో ఆ పిల్ల ఈపాటికి వాడి జట్టులో ఉండాలి.

"వేరు కాపురం నీకిష్టమేనా అసలు?" అని అడిగాను.

"కాదు. అవ్వను ఇడిసిపెట్టి నేనెట్ల పోత?" అన్నాడు, తడుముకోకుండా. బుచ్చవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకూ కళ్లు చెమర్చాయి.

ఇంతలో పాండురంగం గారు లోపలికొచ్చి ఫోన్ తీశారు. "పిల్ల నాయనతోని నేను మాట్లాడుత."

"ఒద్దు నాన్నా. నేనే పోత" అన్నాడు చైతన్య. పాండురంగం గారు ఫోన్ మళ్లీ జేబులో పెట్టుకున్నారు.

ఉన్న ధైర్యమంతా అక్కడే ఖర్చయినట్టుంది. సాయంత్రం నా తలుపు కొట్టి, "ఆంటీ, మీ అద్దాలు జర పాతగైనయ్ గదా?" అన్నాడు. నా అద్దాలు నిక్షేపంగా ఉన్నాయి. అయినా బండెక్కాను.

కళ్లద్దాల షాపులో ప్రణతి వాణ్ణి చూడగానే గుర్తుపట్టింది. "పరీక్ష ఎవరికి?" అంది ముక్తసరిగా. నేను వాడి వైపు వేలు చూపించాను. నన్ను తోడు తెచ్చుకుంటే మరి ఊరికే ఉంటానా.

కుర్చీలో కూర్చోబెట్టి, వాడి ముక్కు మీద చట్రం పెట్టి, అద్దాలు మారుస్తూ అడిగింది. "ఇది మంచిగ కనపడుతుందా, ఇదా?"

"రెండూ మంచిగనే ఉన్నయండి."

"రెండూ ఎట్లుంటయ్? కండ్లు మీవి. మీకెట్ల కనపడుతుందో నేనెట్ల చెప్పాలె?"

వాడు కళ్లు చికిలించాడు. ఎదురుగా ఉన్న అక్షరాల పట్టిక అడుగున జవాబులేమైనా వస్తాయేమోనని వెతుకుతున్నాడనిపించింది. ఇప్పుడు గనక మీ ఇష్టం అన్నాడా, నేనే నెత్తిన మొట్టేదాన్ని.

"మొదటిదే" అన్నాడు చివరికి. "రెండోది మసక మసక." ఇక ఆగలేదు. "వేరు కాపురం నాకిష్టం లేదు. మా అవ్వ ఉన్నన్ని రోజులు గా ఇంట్లనే ఉంట. మీరు జాబ్ చెయ్యండి, గదొక్కదానికి ఆ రోజు గూడ మీ ఇష్టమని నిజంగనే అన్న. మీరు నాకు మస్తు నచ్చిన్రు."

ప్రణతి చట్రం తీసి చేత్తో పట్టుకుంది. "ఆ రోజు అంత మీ నాన్ననే మాట్లాడిండు. ఇంట్ల నన్ను నోరు తెరవనిస్తడా?"

"తెల్వది. నన్నే తెరవనియ్యలే, ఇయ్యాల్టిదాంక."

ఆమెకు నవ్వొచ్చింది కానీ బయటికి రానివ్వలేదు. "మీరు చెప్పింది నాకు నచ్చలే. అందరితోని కలిసి ఉండుడు నాతోని కాదు" అంది.

వాడి ముఖం వాడిపోయింది. మెల్లగా లేచి నిలబడ్డాడు.

"ఎటు పోతున్నరు?" అంటూ ప్రణతి కుర్చీ లాక్కుని వాడి ఎదురుగా కూర్చుంది. "కూసోండి. ఇప్పుడే గదా మాట్లాడుడు మొదలుపెట్టింది."